ఆట మారింది, మరి సెలెక్షన్?

మన కాలేజీ ఫుట్‌బాల్ టీము ఈ ఏడు ఆడే తీరు మార్చుకుంది. పోయినేడు వరకూ మనది ఒకటే పద్ధతి. గోల్ కీపర్ బంతిని గట్టిగా ముందుకు తన్నేది, ఫైనలియర్ అక్క ఒకామె దాని వెనకాల పరుగెత్తి గోల్ కొట్టేది. ఆ అక్క డిగ్రీ ముగించుకుని వెళ్ళిపోయింది. అంత వేగం ఇంకెవరికీ లేదు. అందుకే ఇప్పుడు పీడీ మేడమ్ వెనకనుంచి చిన్న చిన్న పాస్‌లతో బంతిని పైకి తీసుకుపొమ్మంటున్నారు. మంచి నిర్ణయమే. నా పేచీ ఒక్కటే: ఆట మారింది గానీ మిడ్‌ఫీల్డర్లను ఎంచుకునే పద్ధతి మారలేదు.

సెలెక్షన్‌లో ఏం పెట్టారు? వంద మీటర్ల పరుగు, పన్నెండు నిమిషాల పరుగు, బంతిని ఎంత దూరం తన్నగలరో చూడటం. మూడూ పాత ఆటకు సరిపోయేవే. పాత ఆటలో బంతి మిడ్‌ఫీల్డర్ తలమీదుగా పోతుంది. అది కింద పడ్డాక ఎగబడి తీసుకోవాలి, అంతే. దానికి కాళ్ళుంటే చాలు. కొత్త ఆటలో బంతి ఆమె దగ్గరికి వచ్చే పోవాలి. బంతి రాకముందే మెడ తిప్పి వెనకాల ఎవరున్నారో చూసుకోవాలి. మొదటి తాకుడుకు అదుపు చేయాలి, రెండో తాకుడుకు పంపేయాలి. ఇవి పరుగు పందెంలో ఎట్ల తెలుస్తాయి? సంగటి కెలికే తెడ్డుతో దోశ తిప్పినట్టుంది మన పని. ప్రాక్టీసు మ్యాచ్‌లలో చూస్తూనే ఉన్నాం కదా, బంతి నడుమ దాకా పోతుంది, మళ్ళీ మా బ్యాక్‌ల దగ్గరికే తిరిగొస్తుంది. నేను ఆడేది రైట్ బ్యాక్. మిడ్‌ఫీల్డ్ చోటు నాకు అక్కరలేదు, కాబట్టి ఈ మాట నాకోసం చెప్పుకోవడం లేదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. డెబ్బై ఏళ్ళ కిందట హైదరాబాదులో ఒక బడిపంతులు దీన్ని ఎదుర్కొన్నారు. ఆయన ఎస్.ఎ. రహీం. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ సిటీ పోలీసు టీమును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిపించిన కోచ్ ఆయన. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మరుసటి ఏడు హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ ముందుండకుండా వెనక్కి వచ్చి ఆడటం అప్పుడు అందరూ చూశారు. రహీం ఆ ఎత్తును పట్టుకుని మనవాళ్ళ ఆట మార్చారు. 1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టు నడిమి వరసలో హైదరాబాదు పోలీసు నూర్ మహమ్మద్ ఉన్నాడు, మన పక్కనున్న మైసూరు రాష్ట్రం నుంచి వచ్చిన కెంపయ్య ఉన్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది రహీం పెట్టిన పోటీలు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నిబంధనతో పోటీలు నడిపేవారు. అలవాటు లేని కాలితోనే తన్నాలి అని మ్యాచ్‌లు పెట్టేవారు. అట్లాంటి మ్యాచ్‌లో బంతిని దగ్గర పెట్టుకుని షోకులు చేయడానికి వీలుండదు. ఎవరు ముందే ఆలోచించుకున్నారో వాళ్ళే అగుపడతారు. అంటే తనకు ఏ ఆట కావాలో ఆ ఆటలోనే పిల్లల్ని చూసుకునేవారన్నమాట. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో అయితే డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలితే, కుట్లతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా పంపించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చినప్పుడు అందులో ఒక గోల్ జర్నైల్‌దే. (అదే జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తమిళింటి పిల్లవాడు. మన హోసూరు కథను తిరగేసినట్టు లేదూ?)

వేగం వద్దా అని అడుగుతారు. కావాలి. నడుమ ఉండే ఇద్దరిలో ఒకరికి కావాలి, ఎదుటివాళ్ళు బంతి లాక్కుంటే వెనక్కి ఉరికి అడ్డుకోవడానికి. ఇద్దరూ ఉరికేవాళ్ళే అయితే పాస్ ఎవరిస్తారు? మన గ్రౌండు గట్టి మట్టి, బంతి ఎగిరిపోతుంది, చిన్న పాస్‌లు కుదరవు అని కూడా అంటున్నారు. అట్లయితే మొదటి తాకుడు మెత్తగా ఉండేవాళ్ళే ఇంకా అవసరం. అక్క పోయాక గోళ్ళు ఎవరు కొడతారు అనే బెంగ ఒకటుంది. 2025 జూలై 5న చియాంగ్ మైలో మన దేశపు ఆడపిల్లలు థాయిలాండును 2-1తో ఓడించి ఏషియన్ కప్పుకు అర్హత సంపాదించారు. ఆ రెండు గోళ్ళూ కొట్టింది మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్.

ఇంకొక సంగతి పరుగు పరీక్షలో అసలే తెలియదు. మా బ్యాక్‌లం తెలుగులో అరుస్తాం. వింగ్‌లో ఉన్నవాళ్ళు తమిళంలో అరుస్తారు. అత్తిబెలె నుంచి వచ్చే స్ట్రైకర్ కన్నడంలో. నడుమ నిలబడే పిల్లకు మూడూ ఒక్క క్షణంలో ఎక్కాలి, తనూ నోరు తెరిచి చెప్పాలి. తమిళ డిపార్ట్‌మెంట్ ఫస్టియర్‌లో ఒక చెల్లెలు ఉంది, మా జూజువాడి నుంచే వస్తుంది. సరిహద్దు ఊరు కదా, మూడు భాషలూ దానికి నీళ్ళు తాగినట్టు. బంతి వచ్చేలోపు రెండుసార్లు తల తిప్పుతుంది. వంద మీటర్లలో చివరి నుంచి రెండోది వచ్చింది, ఇప్పుడు బయట కూర్చుని మాకు నీళ్ళ బాటిళ్ళు అందిస్తోంది.

పీడీ మేడమ్‌ను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మిడ్‌ఫీల్డ్‌కు పేర్లిచ్చిన పన్నెండుమందినీ ఆరుగురు చొప్పున విడగొట్టి ఒక మ్యాచ్ పెట్టండి. ఎవరూ బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. వేగంగా ఉరికే ఇద్దరూ అందులోనూ బాగా ఆడితే చోటు వాళ్ళదే, నేను ఇంకో మాట అనను. జోనల్ మ్యాచ్‌లకు పేర్లు పంపడానికి ఇంకా పది రోజులుంది. గ్రౌండు గేటు సాయంత్రం ఐదున్నర దాకా తెరిచే ఉంటుంది. నలభై నిమిషాలు చాలు.