మూడంటే తొమ్మిదట!

దార్ ఎస్ సలాం వచ్చిన తొలి వారం. పనికి కుదిరిన ఆవిడని మధ్యాహ్నం మూడింటికి రమ్మందామని, పుస్తకంలో నేర్చుకున్న స్వాహిలీలో "సా తాతు" అన్నాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికే తలుపు కొట్టింది. ఇప్పుడెందుకొచ్చావని విసుక్కుని పంపేశాను. రెండు దలదలాలు, అంటే ఇక్కడి మినీ బస్సులు, మారి వచ్చిందట పాపం.

సాయంత్రం మావారి ఆఫీసు డ్రైవరు చెప్పాడు. స్వాహిలీలో గంటలు తెల్లవారినప్పటి నుంచి లెక్కట. ఏడు ఒకటి, తొమ్మిది మూడు. భూమధ్యరేఖకు దగ్గర కదా, ఏడాదంతా ఆరు గంటలకి కాస్త అటూ ఇటూగానే పొద్దు పొడుస్తుంది. బీయస్సీ చదివీ నాకిది తట్టలేదు! మా అమ్మమ్మ ఘడియలు లెక్కపెట్టిందీ పొద్దు పొడుపు నుంచే.

డ్రైవరు చేత ఆవిడకి ఫోన్ చేయించాను. మర్నాడు సరిగ్గా "మూడు"కి వచ్చింది. "సమహాని" అని క్షమాపణ చెబితే నవ్వేసి చీపురందుకుంది. నిన్నటి బస్సు చార్జీ మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు.