నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కూరగాయలు, కిరాణా సరుకు దింపి రావడానికి కరెంటు వ్యాన్ చాలు. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీకి కంపెనీ లెక్క ఒక్క చార్జికి 154 కిలోమీటర్లు. బరువుతో, మే ఎండలో అంత రాదు, అయినా సరిపోతుంది.

చిక్కల్లా ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి కూడా బాడుగ తగిలినప్పుడే. తిరుగుదారిలో డ్రైవరు చూపంతా బ్యాటరీ శాతం మీదే. అందుకని చాలామంది ఆ బాడుగే వదులుకుంటారు.

ఆళ్లగడ్డలో చార్జింగ్ దొరికితే ఈ చిక్కు తీరుతుంది. మన ప్రాంతంలోని గని–శకునాల సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అది కరెంటు తయారుచేసేదీ పగలే, మా బండ్లకు చార్జింగ్ కావాల్సిందీ పగలే. ఆళ్లగడ్డ మార్కెట్ యార్డులో సరుకు బండ్లు నిలిచేంత జాగాతో, పైన రేకుల నీడతో ఫాస్ట్ చార్జర్లు పెట్టించండి.

ఇట్లు,
నంద్యాల సరుకు వ్యాపారి