తుంటి మార్పిడి: పూత ఉంటే చాలా?

అమ్మకో నాన్నకో తుంటికీలు మార్చాలనగానే ‘కోటింగ్ ఉన్న ఇంప్లాంట్’ అనే మాట వినిపిస్తుంది. ధర ఎక్కువైనా మంచిదే వేయిద్దామనుకుంటాం. మరి పూత ఉన్నంత మాత్రాన కీలు ఎక్కువ కాలం మన్నుతుందా?

ఈ పూతల్లో ముఖ్యమైంది హైడ్రాక్సీఅపటైట్. ఇది మన ఎముకలోని ఖనిజం లాంటిదే. 1980ల మధ్య నుంచీ వాడుకలో ఉంది. తొడ ఎముకలో సిమెంటు లేకుండా బిగించిన కాడను ఎముక గట్టిగా పట్టుకోవటానికి ఇది తోడ్పడుతుంది. ఇలాంటి కాడలు చాలామందిలో ఏళ్ల తరబడి బాగానే పనిచేస్తున్నాయి. కానీ ఆ ఘనతంతా పూతదే అనలేం. కాడ ఆకారం, ఎముక దృఢత్వం, సర్జన్ నైపుణ్యమూ ముఖ్యమే. పైగా స్వీడన్ రిజిస్ట్రీ వివరాలతో 2010లో వెలువడిన అధ్యయనంలో, ఈ పూత ఉన్న గిన్నెలకు మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే ముప్పు ఎక్కువగా కనిపించింది.

వయసూ కీలకమే. 75 ఏళ్లు దాటి, ఎముకలు గుల్లబారినవారికి సిమెంటు లేని కాడ చుట్టూ ఎముక విరిగే ముప్పు ఎక్కువ. ఇలాంటివారికి సిమెంటుతో బిగించే పాత పద్ధతే తరచూ మేలు.

కాబట్టి ‘పూత ఉందా?’ అని కాకుండా డాక్టర్‌ను ఇలా అడగండి: మా నాన్న ఎముకకు ఏది నప్పుతుంది? ఈ మోడల్ పదేళ్ల ఫలితాలు ఎలా ఉన్నాయి? ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ స్టిక్కర్‌ను అడిగి తీసుకుని, ఫైల్లో భద్రపరచుకోండి. రేపు సమస్య వస్తే అదే ఆధారం.