పెద్దమనుషుల కాగితంతో విడిపోతే పసుపు కుంకుమ భూమి ఎవరికి?

సరిహద్దు పల్లెల్లో వివాహ సంబంధాలు రాష్ట్రాల హద్దులను ఏనాడూ లెక్కచేయలేదు. మడకశిర పిల్ల పావగడకు కోడలవుతుంది. హోసూరు పిల్ల కుప్పం కోడలవుతుంది. కాపురం చెడినప్పుడు సైతం వ్యవహారం ఇరువైపుల పెద్దమనుషుల సమక్షంలోనే తేలిపోవడం పరిపాటి. ఇకపై ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులూ లేవని స్టాంపు కాగితంపై రాసి, సంతకాలు చేసి, ఇచ్చిన సామాన్లు తిరిగి తెచ్చుకుని ఎవరి దారి వారు చూసుకుంటారు. ఆ కాగితం బీరువాలో భద్రంగా ఉంటుంది. చట్టం దృష్టిలో మాత్రం వారిరువురూ ఇంకా భార్యాభర్తలే.

1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షను కులాచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతున్నదన్న మాట నిజం. అయితే అటువంటి ఆచారం తమ కులంలో చిరకాలంగా ఉన్నదని సాక్ష్యాధారాలతో నిరూపించవలసిన భారం దానిని చెప్పుకొనే వారిదే. కర్ణాటక నుంచి వెళ్లిన కేసులో 2002లోను, తమిళనాడు నుంచి వెళ్లిన కేసులో 2005లోను సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. పంచాయతీ తీర్పు చెప్పిన పెద్దలు ఇరవై ఏళ్ల తరువాత సాక్ష్యం చెప్పడానికి ఉంటారా అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

దీని పర్యవసానం బయటపడేది ఇద్దరిలో ఒకరు కన్నుమూసిన రోజున. పుట్టింటికి తిరిగివచ్చిన ఆడపడుచు కుట్టుపనో, పాలవ్యాపారమో, ఉద్యోగమో చేసి సొంతంగా ఇంటిస్థలం కొనుక్కున్నదనుకుందాం. ఆమె వీలునామా రాయకుండా మరణిస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను వర్తిస్తుంది. దాని ప్రకారం మొదటి వరుసలో ఆమె పిల్లలు, భర్త ఉంటారు. పిల్లలు లేకపోతే ఆస్తి మొత్తం భర్తకే. భర్త కూడా లేకపోతే భర్త వారసులకు. ఆమెను ఆదరించి అన్నం పెట్టిన తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే. పురుషుడు మరణిస్తే అతని తల్లికి భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఇచ్చిన చట్టమే, స్త్రీ విషయంలో ఆమె తల్లిని అత్తింటి బంధువుల వెనుక నిలబెట్టింది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, 1955లో పెళ్లయిన స్త్రీ మూడు నెలలకే భర్తను పోగొట్టుకున్నది. అత్తింటివారు వెళ్లగొట్టగా పుట్టింట చదువుకుని ఉద్యోగం సంపాదించుకున్నది. 1996లో ఆమె వీలునామా లేకుండా మరణించింది. బ్యాంకు నిలువలు, భవిష్యనిధి సొమ్ము తల్లికి దక్కలేదు. భర్త తరఫు వారికి దక్కాయి. సానుభూతి వేరు, చట్టం వేరు అన్న ధోరణిలోనే తీర్పు వెలువడింది. అంతకు ముందే, 2008లో, లా కమిషన్ తన 207వ నివేదికలో ఈ సెక్షనును సవరించాలని సూచించింది. సవరణ మాత్రం నేటికీ రాలేదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ సెక్షను చెల్లుబాటు ప్రశ్నను తేల్చకుండానే, హిందూ స్త్రీలు వీలునామా రాసుకోవడం మేలని విజ్ఞప్తి చేసింది.

తెలుగు కుటుంబాలు మరింత జాగ్రత్తపడవలసింది పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి విషయంలో. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, సంతానం లేని స్త్రీ మరణిస్తే తిరిగి తండ్రి వారసులకే చేరాలని 15వ సెక్షనులోనే మినహాయింపు ఉన్నది. కాని మినహాయింపు వారసత్వంగా సంక్రమించిన దానికే. దానపత్రం ద్వారా ఇచ్చిన భూమిని న్యాయస్థానాలు ఆ కోవలోకి చేర్చలేదు. అంటే తండ్రి ప్రేమతో బతికుండగానే కూతురి పేర రిజిస్టరు చేయించిన రెండెకరాలు, ఆమె విడాకుల డిక్రీ లేకుండా, బిడ్డలు లేకుండా, వీలునామా లేకుండా పోతే, ఏళ్ల తరబడి ముఖం చూడని అల్లుడికి చేరుతాయి. పహాణీలో ఆమె పేరు ఉన్నా, పట్టాలో ఉన్నా, సాత్‌బారాలో ఉన్నా ఫలితం ఒక్కటే.

మగవారి వైపు చిక్కు మరొక రకం. కాగితం రాసుకుని మరొకరిని పెళ్లాడిన వ్యక్తి మరణిస్తే చట్టరీత్యా వితంతువు మొదటి భార్యయే. రెండవ ఆమెకు వారసత్వం లేదు. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిలోను, ఉమ్మడి ఆస్తిలో తండ్రి పాలికి వచ్చే భాగంలోను హక్కు ఉన్నదని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నిర్ణయించింది.

ఇద్దరూ విడిపోవాలనే నిశ్చయించుకున్నప్పుడు పరస్పర అంగీకార విడాకులు అంత దుర్లభమేమీ కావు. ఏడాది పాటు విడిగా ఉన్నవారు 13బి సెక్షను కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆపై ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో తేలింది. ఏ రాష్ట్రపు కోర్టు అన్న సందేహానికి కూడా సమాధానం ఉన్నది. పెళ్లి జరిగిన చోటనే కాక, 2003 సవరణ తరువాత, భార్య దరఖాస్తు చేసుకునేటప్పుడు తాను నివసిస్తున్న చోటి కోర్టుకే వెళ్లవచ్చు. పావగడలో పుట్టింట ఉన్న స్త్రీ మడకశిరకు వాయిదాలకు తిరగనక్కరలేదు.

డిక్రీ వచ్చేదాకా ఆగకుండా చేయదగినది వీలునామా. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పవు. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. పూర్వం భర్త పేర రాసిన వీలునామా ఉంటే విడాకులైనంత మాత్రాన అది రద్దు కాదు; కొత్తది రాయాలి. బ్యాంకు, బీమా, భవిష్యనిధి కాగితాల్లో నామినీ పేరునూ మార్చుకోవాలి. ఇవన్నీ హిందూ చట్టం వర్తించే కుటుంబాలకు సంబంధించినవి. ముస్లింలకు, క్రైస్తవులకు నిబంధనలు వేరు, షెడ్యూల్డు తెగలకు వారి ఆచారాలు వేరు.

తెలుగులో రాసిన వీలునామాను పొరుగు రాష్ట్రంలో రిజిస్టరు చేయించదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ భాష అధికారికి తెలియకపోయి, జిల్లాలో సాధారణ వాడుకలోనూ లేకపోతే, స్థానిక భాషలో యథార్థ అనువాదాన్ని, నకలును జతచేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షను చెబుతున్నది. అనువాదం లేదన్న కారణంతో కాగితాన్ని తిప్పి పంపితే, అనువాదంతో మళ్లీ వెళ్లాలి.