గొడుగు కింద నిలబడి వాన కొలుస్తున్నాం

ప్రతి ఉగాదికీ మన వేదిక మీద డాక్టర్లకు, నర్సులకు శాలువాలు కప్పుతాం, చప్పట్లు కొడతాం. ఈసారి వాళ్ల కళ్ల గురించి కూడా మాట్లాడుకుందాం.

అనంతపురం, చిత్తూరు, కడప నుంచి గుండె జబ్బుతో బెంగళూరు వచ్చే మనవాళ్లు ఎందరో. వాళ్లకు స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్‌లలో మన ఇళ్ల పిల్లలూ పనిచేస్తున్నారు. అక్కడ ఎక్స్‌రే నడుస్తుండగానే పని జరుగుతుంది. రోగి ఒంటికి తగిలిన కిరణాలు చెదిరి పక్కన నిలబడ్డవాళ్ల మీద పడతాయి. డాక్టరుకు సాధారణంగా ఎడమకంటికే ఎక్కువ దెబ్బ.

ఒంటికి లెడ్ ఏప్రాన్ ఉంది. డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ దగ్గర, ఆ ఏప్రాన్ లోపల ఉంటుంది. మూడు నెలలకోసారి రిపోర్టు వస్తుంది, అంకె చిన్నదే, అందరికీ సంతోషం. అయ్యా, గొడుగు కింద నిలబడి కొలిస్తే ఏ వానైనా చిన్నదే! కళ్లకు ఏప్రాన్ లేదు. వాటి సంగతి ఆ అంకె చెప్పదు. పైగా మన సభ్యురాలొకరు పనిచేసిన చోట బ్యాడ్జీలు రోజంతా ఏప్రాన్ల స్టాండుకే వేలాడేవట. ఆ రిపోర్టుకు విలువెంత?

కంటి లెన్సుకు నొప్పి తెలియదు. శుక్లం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ 2011 ఏప్రిల్‌లో లెన్సు పరిమితిని ఏడాదికి 150 మిల్లీసీవర్టుల నుంచి 20కి తగ్గించమంది. అది ఐదేళ్ల సగటు, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. అదే నెలలో మన ఏఈఆర్‌బీ ఇచ్చిన ఆదేశంలో మాత్రం పాత 150 అంకే ఉంది.

"లెడ్ కళ్లద్దాలు బరువు, ఖరీదు" అంటారు. కోట్లు పెట్టి మిషన్ కొన్నవాళ్లకు కళ్లద్దాలు భారమా? "శుక్లమేగా, ఆపరేషన్‌తో పోతుంది" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట వాళ్ల కూతురి విషయంలో అనగలరా?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. కంటి పక్కన పెట్టుకునే చిన్న డోసీమీటర్ ఇవ్వాలి. అది వచ్చేదాకా ఏప్రాన్ బయట, కాలర్ దగ్గర రెండో బ్యాడ్జీ పెట్టాలి. ఎంతోకొంత లెక్క తెలుస్తుంది. పైనుంచి వేలాడే లెడ్ గ్లాస్‌ను పక్కకు నెట్టకుండా వాడాలి. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించాలి.

ఆసుపత్రుల్లో పనిచేసే మన సభ్యులకు ఒక్క మాట. మీ డోసు రికార్డు మీరే అడిగి చూడండి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ను "నా కంటికి ఎంత?" అని అడగండి. జవాబు రాకపోతే సంఘానికి చెప్పండి, కలిసే వెళ్దాం. ఆసుపత్రి నడిపే మన పెద్దలారా, మీరు అడిగించుకోకుండానే మొదలుపెడితే వచ్చే ఉగాదికి మొదటి శాలువా మీకే.