సంగీతమున నాలుగవ యేడు

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము నా పూర్వ విద్యార్థిని యొకతె తండ్రిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె ఎనిమిదవ తరగతిలో నాయొద్ద సరళీ వరుసలు నేర్చినది. ఇప్పుడు కళాశాలలో గాత్ర సంగీతము ప్రధాన విషయముగా మూడేండ్లు చదివినది. ఆనర్సు కొరకు నాలుగవ యేడు చదువుటయా, మానుటయా అనునది వారిని నాయొద్దకు రప్పించిన సమస్య.

“మాస్టారూ, మూడేళ్ళలో రాని పాట నాలుగో ఏట వస్తుందా?” అని తండ్రి అడిగెను. “దీని చెల్లెలి చదువు కూడా ఉంది. ఈ ఏడు ఇది పదిమంది పిల్లలకు పాఠాలు చెప్పుకుంటే ఆ ఫీజు గడిచిపోతుంది గదా!”

కుమార్తె తలవంచుకొని కూర్చుండెను. ఆ తండ్రి మాటలో దురాశ లేదు, సంగీతముపై ద్వేషము లేదు. ఉన్నదెల్ల ఒక సామాన్య గృహస్థుని లెక్క. ఇట్టి లెక్క మన ఊళ్ళలో అనేక గృహములలో జరుగుచున్నది గనుక ఉపాధ్యాయులును విద్యార్థులును దీనిని గూర్చి కొంత ఆలోచింపవలసి యున్నది.

ఆనర్సు అను మాట మనకు క్రొత్తది కాదు. ఇంటర్మీడియెటు తరువాత మూడేండ్లు చదివెడి బి.ఏ. ఆనర్సుకు మన పెద్దల కాలమున గొప్ప గౌరవ ముండెను. నేటి ఆనర్సు వేరు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, 2022 డిసెంబరులో యు.జి.సి. వారు ప్రకటించిన ప్రణాళిక ప్రకారము మూడేండ్లకు 120 క్రెడిట్లతో పట్టము లభించును. నాలుగవ యేడు కూడ చదివి 160 క్రెడిట్లు పూర్తిచేసినచో ఆనర్సు లభించును. మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులకు తగ్గనివారు ఆ యేట 12 క్రెడిట్ల పరిశోధన చేసి, పరిశోధనతో కూడిన ఆనర్సు పట్టమును పొందవచ్చును. నాలుగేండ్లు చదివినవారికి ఎం.ఏ. ఒక యేడే. కావున ఎం.ఏ. వరకు పోదలచినవారికి కాలనష్టము లేదు: మూడును రెండును అయిదే, నాలుగును ఒకటియు అయిదే. అయితే తమ కళాశాలలో సంగీతమునకు నాలుగవ యేడు కలదా, తమ విశ్వవిద్యాలయమున ఏడాది ఎం.ఏ. తెరచిరా అనునది ముందుగా కనుగొనవలెను.

ఇది లెక్కకు సమాధానము. కాని సంగీత మిట్టి లెక్కతో తేలునది కాదు. పెద్దలు కొందరు వేయు ప్రశ్న మరింత బలమైనది: “ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఏ ఆనర్సు చదివిరి?” నిజమే. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పబడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. అచ్చట విద్యార్థిగా చేరుటకై వెళ్ళిన నాయుడుగారిని వయొలిను ఆచార్యునిగా నియమించిరని ప్రతీతి. అట్టివారికి ఏ విశ్వవిద్యాలయ నియమమును వర్తింపదు. మనము వారి కొరకు పాఠ్యప్రణాళికలు వ్రాయుట లేదు. పాట యందు ప్రీతియు, మధ్యరకపు కంఠమును గలిగి, రేపు ఏదో యొక పాఠశాలలో నలుబదిమంది పిల్లల యెదుట శ్రుతిపెట్టె ముందుంచుకొని కూర్చుండబోవు వారి కొరకు వ్రాయుచున్నాము. నేనును అట్టివాడనే. కావుననే నా అనుభవ మొకటి ఇచ్చట చెప్పుకొనవలసి యున్నది. చెప్పుకొనుటకు సంతోషము కలిగించునది కాదు.

ముప్పది యేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేనొక ఉన్నత పాఠశాలలో సంగీతోపాధ్యాయుడను. వార్షికోత్సవము కొరకు పిల్లలచేత ‘నగుమోము’ కీర్తన పాడించుచుంటిని. ఆ బృందమున ఒక సన్నాయి విద్వాంసుని మనుమడుండెను. ఆభేరి రాగమున ధైవతము వచ్చినచోట నెల్ల వాడు నేను చెప్పిన స్థానమునకు కొంచెము దిగువన పాడుచుండెను. రెండుమార్లు సరిదిద్దితిని. మూడవమారు వాడు లేచి, “మా తాత ఇట్లాగే వాయిస్తాడండీ” అనెను. “మీ తాత వాయించేది తప్పు” అని పదిమంది యెదుట అంటిని. వాడు మరునాడు పాట తరగతికి రాలేదు. ఆ తరువాత నెన్నడును రాలేదు.

చాల యేండ్లు గడచిన పిమ్మట, వేరొక పనిమీద, సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెరచితిని. 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చయిన మహాగ్రంథమది. అందు ఆభేరి ఇరువదవ మేళమున చేర్చబడి యున్నది. అది శుద్ధ ధైవతము గల మేళము. నేడు మనము వినెడి ఆభేరి చతుశ్శ్రుతి ధైవతముతో, ఇరువదిరెండవ మేళమగు ఖరహరప్రియ వైపు జరిగినది. ‘నగుమోము’ కీర్తనను శుద్ధ ధైవతముతో పాడు సంప్రదాయ మొకటి పూర్వముండెననియు పెద్దల వలన తెలిసికొంటిని. ఆ తాత వాయించినది తప్పు కాదు, పాతది. నేను నేర్పినదియు తప్పు కాదు, తరువాతది. తప్పు వేరొకటి: నాకు తెలియనిదానిని లేనిదానినిగా నెంచితిని.

నాకు కీర్తనలు తక్కువై ఇట్లు జరుగలేదు. పరీక్షలో మంచి మార్కులతోనే ఉత్తీర్ణుడనైతిని. కాని నా చదువు కాలమున ఒక్క యేడైనను ఒక పాటను పట్టుకొని, “ఇది ఇట్లేల యున్నది? ఇదివర కెట్లుండెను? మరియొక చోట ఎట్లు పాడుదురు?” అని నన్ను అడిగినవారు లేరు, నేను అడుగుకొనలేదు. గురువు చెప్పినదానిని చెప్పినట్లు నిలుపుకొనుట మొదటి ధర్మము. మూడేండ్లలో అదియే పూర్తిగా సాధ్యము కాదు. అయితే రేపు పిల్లలకు పాఠము చెప్పబోవువానికి రెండవ ధర్మ మొకటి కలదు: తన గురువు చెప్పనిదియు సంగీతమున నున్నదని తెలిసియుండుట. నాలుగవ యేడు దీని కొరకు. కీర్తనల సంఖ్య పెంచుటకు మాత్రమే ఐనచో ఆ తండ్రి మాటయే సరియైనది.

ఇట్టి పరిశీలనకు విషయములు కొరత గావు. అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై దొరికినవి. వానిపై రాగముల పేర్లు కలవు గాని స్వరములు లేవు. నేడు మనము పాడు వరుసలలో పెక్కు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన ఆధునికులు కూర్చినవి. రేకుపై నున్న రాగమునకును నేడు పాడుచున్న రాగమునకును గల సంబంధ మేమని పది సంకీర్తనల విషయమున పరిశీలించినను ఏడాదికి చాలినంత పని. మన దేశమున గ్రామఫోను ముద్రణ 1902లో ఆరంభమైనది. ఒకే రాగమును వేరువేరు దశాబ్దముల విద్వాంసులు ఎట్లు పాడిరో నేడు వరుసగా వినవచ్చును. మన తాతలకు ఈ భాగ్యము లేదు. ఇంకను దగ్గరి విషయము కావలెనన్న, మన తరగతి గదియే కలదు. పదుమూడు పదునాలుగేండ్ల బాలురకు కంఠము మారుచుండును. అయినను మనము బాలబాలికల నందరిని ఒకే శ్రుతిలో పాడించి, అందనివానిని వెనుక వరుసలో కూర్చుండబెట్టుదుము. ఒక విద్యార్థిని ఒక పాఠశాలలో ఏడాది కూర్చుండి, ఏ వయసువారికి ఏ శ్రుతి అందుచున్నదో వ్రాసియుంచినచో, ఆ వ్రాత మనవంటి ఉపాధ్యాయుల కెంత ఉపకరించును!

ఇందొక ప్రమాదము కూడ కలదు. సాధన తగ్గి కాగితము పెరుగుట సులభము. నాలుగు పుస్తకముల నుండి నలుబది పుటలు ఎత్తి వ్రాసి, అట్టవేసి సమర్పించిన పరిశోధన వలన విద్యార్థికి మార్కులు వచ్చును గాని చెవి రాదు. కావున మార్గదర్శకులగు అధ్యాపకులకు నా మనవి: వ్రాసినదానిని విద్యార్థిచేత పాడించి వినుడు. రెండు పాఠముల భేదమును గూర్చి వ్రాసినవాడు ఆ రెండు పాఠములను కంఠముతోనో, వాద్యముతోనో చూపగలిగియుండవలెను. చూపలేనిచో ఆ వ్యాసము వాని స్వంతము కాదు. విద్యార్థులకును ఒక మాట: ఉదయపు సాధన మాని గ్రంథాలయమునకు పోవలదు.

ఇక ఆ తండ్రీకూతుండ్ర మాట. చేరుమనియు, మానుమనియు నేను చెప్పలేదు. “అమ్మా, ఈ యేడంతయు నీవు కూర్చుండి వెదకదలచిన ప్రశ్న ఏది?” అని మాత్రము అడిగితిని. ఆమె వెంటనే బదులు చెప్పలేకపోయినది. “వారం రోజులు ఆలోచించు. ప్రశ్న దొరకకపోతే నాన్నగారు చెప్పినట్టే చేయి, తప్పు లేదు” అంటిని.

ఎనిమిదవ నాడు ఒంటరిగా వచ్చినది. “మాస్టారూ, మా అమ్మమ్మ శుక్రవారం పూట మంగళహారతి పాడుతుంది. వినడానికి సావేరిలాగే ఉంటుంది కాని ఒకచోట వేరే స్వరం పడుతుంది. కాలేజీలో పాడి చూపిస్తే, పల్లెటూరి పాట, అపస్వరం అన్నారు. అమ్మమ్మ అక్కచెల్లెళ్ళు ముగ్గురు మూడు ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళందరూ అట్లాగే పాడతారా, మా అమ్మమ్మ ఒక్కతేనా అని తెలుసుకోవాలని ఉంది” అన్నది.

ఆ బాలిక మాట వినుచుండగా నాకు సన్నాయి విద్వాంసుని మనుమడు జ్ఞప్తికి వచ్చెను. అమ్మమ్మ పాడునది అపస్వరమే కావచ్చును, కాకపోవచ్చును. కాని దానిని వినకముందే తీర్పు చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమెను వెంటబెట్టుకొని వారి యింటికి వెళ్ళితిని. తండ్రితో రెండు గంటలు మాటాడితిమి. ఉదయము కళాశాల, సాయంకాలము అయిదుగురు పిల్లలకు పాఠములు, చెల్లెలి ఫీజులో సగము తాను పెట్టుకొనుట అని ఒప్పందమైనది. సగము ఫీజు సమకూర్చుట ఆయనకు సులభము కాదని నేనెరుగుదును. అయినను సమ్మతించెను.

ఆమె ఇప్పుడు నాలుగవ యేట చదువుచున్నది. ఆదివారములలో ముసలమ్మల యిండ్లకు తిరుగుచున్నది. ఏమి తేలునో ఇంకను తెలియదు. తోటి ఉపాధ్యాయులారా, మీయొద్దకు ఇట్టి పిల్లలు వచ్చినప్పుడు మార్కుల పట్టిక చూచుటకు ముందు వారి ప్రశ్న ఏమని అడుగుడు. ప్రశ్న యున్నవారిని ఆపకుడు. వీలైనచో వారి తండ్రుల యిండ్లకు కూడ ఒకమారు వెళ్ళిరండు.