కొసరు లేని కొట్టు

తెలుగులో 'కొసరు' అని ఒక చక్కని మాట ఉన్నది. తూకం సరిపోయిన తరువాత, వెల చెప్పిన తరువాత, కొట్టువాడు తన చేతితో మరికొంచెం తీసి వేసేది కొసరు. అది పద్దుకు ఎక్కదు. అడిగే హక్కు కొన్నవాడికి లేదు, ఇవ్వవలసిన విధి అమ్మినవాడికీ లేదు. అయినా వీరు అడిగేవారు, వారు ఇచ్చేవారు. ధాన్యం కొలిచేవాడు మొదటి మానికను 'ఒకటి' అనక 'లాభం' అని మొదలుపెట్టి, ఆ తరువాతనే 'రెండు, మూడు' అని సాగేవాడు. లెక్కలోకి కూడా ఒక మంచి మాటను చొప్పించిన జాతి మనది.

అయితే పాత ముచ్చట్లు నెమరువేయడం నా ఉద్దేశం కాదు. అమ్మకానికీ కొనుగోలుకూ నడుమ నిలిచిన మనిషి క్రమంగా తప్పుకుంటున్న కాలంలో ఉన్నాము. విదేశాలలో అతని స్థానంలో సెల్ఫ్ చెకౌట్ యంత్రం నిలబడింది. మన నగరాలలో ఫోనులో మీట నొక్కితే సరుకు గుమ్మంలోకి వస్తున్నది. 'ఇక గల్లా దగ్గర మనిషి ఎందుకు?' అని విద్యాధికులు సైతం అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు మరొకటి అడగవలసి ఉన్నది. ఆ మనిషి తప్పుకుంటే అతని పని ఎవరి నెత్తిన పడుతున్నది?

యంత్రం వస్తే పని మాయమవుతుందని మనం అనుకుంటాము. అంగడి చరిత్రను పరిశీలిస్తే పని మాయమైన సందర్భాల కంటె చేతులు మారిన సందర్భాలే ఎక్కువగా కనబడతాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోనూ ఇంచుమించు మన పచారీ కొట్టు పద్ధతే ఉండేది. కొనేవారు బల్లకు ఇవతల నిలబడి కావలసినవి చెబితే, గుమాస్తా లోపలినుంచి తెచ్చి, తూచి, కట్టి ఇచ్చేవాడు. 1916లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వర్తకుడు 'పిగ్లీ విగ్లీ' అనే కొట్టు తెరిచి, కొనేవారి చేతికే బుట్ట ఇచ్చాడు. సరుకు వెదకి తెచ్చుకునే పని నాటినుంచి కొనేవారిదయింది. గుమాస్తా ద్వారం దగ్గరికి చేరి, సరుకు చూచి డబ్బు పుచ్చుకునేవాడుగా మిగిలాడు. నేటి క్యాషియరుకు అతడే పూర్వీకుడు.

ఆ తరువాత అతని నేర్పుకు వంతు వచ్చింది. 1974 జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ అనే సూపర్‌మార్కెట్‌లో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీది బార్‌కోడ్‌ను యంత్రం తొలిసారిగా చదివింది. వందలాది ధరలను కంఠస్థం చేసిన మనిషికి ఆ విద్యతో పని లేకపోయింది. 1986లో అట్లాంటా సమీపాన క్రోగర్ వారి దుకాణంలో, కొన్నవారే సరుకును యంత్రానికి చూపించుకునే ఏర్పాటు చేశారు. 1916లో గుమాస్తా చేతిలోని బుట్టను తీసుకున్న కొనుగోలుదారు, డెబ్బై ఏళ్లకు అతని పీటను కూడా తీసుకున్నాడు. జీతం మాత్రం తీసుకోలేదు.

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. యంత్రానికి సరుకు తెలుసు గాని మనిషి తెలియడు. సంచిలో వేసిన వస్తువు బరువు తన లెక్కతో సరిపోకుంటే అది ఆగిపోయి, ఎర్రదీపం వెలిగించి, సిబ్బందిని పిలుస్తుంది. పొరపాటుకూ దొంగతనానికీ తేడా చూడగలది మనిషి కన్నే గదా! ఆ కన్ను కరవైన చోట దొంగతనాలు పెరిగాయని దుకాణదారులే మొరపెట్టుకున్నారు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని బూత్స్ అనే సంస్థ 2023లో తన దుకాణాలలో దాదాపు అన్నింటినుంచి ఈ యంత్రాలను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. అమెరికాలోని డాలర్ జనరల్ 2024లో వేలాది దుకాణాలలో వాటిని తీసివేసింది. చౌకగా వస్తుందని తెచ్చుకున్న యంత్రం, దానికి కాపలా కాయడానికి మళ్లీ మనిషిని కోరింది.

అమెజాన్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. 2018లో సియాటిల్ నగరంలో ఆ సంస్థ అసలు గల్లాయే లేని కొట్టు తెరిచింది. కావలసినది తీసుకొని నడిచిపోవడమే. పైకప్పులోని కెమెరాలు చూచి లెక్క కడతాయి. ఆ లెక్క సరిచూడడానికి భారతదేశంలో సుమారు వేయిమంది కూర్చొని దృశ్యాలు పరిశీలించవలసి వచ్చిందని తరువాత పత్రికలు రాశాయి. ఆ వర్ణన సరికాదని సంస్థ ఖండించింది. అయితే యంత్రానికి నేర్పడానికీ, కొద్దిపాటి సందిగ్ధ సందర్భాలను తేల్చడానికీ మనుషులు దృశ్యాలు చూస్తారని అంగీకరించింది. 2024లో తన 'ఫ్రెష్' దుకాణాలనుంచి ఆ పద్ధతిని ఉపసంహరించుకుంటున్నట్లు చెప్పింది. ఎవరి మాట ఎంత నిజమైనా, గల్లా దగ్గరి మనిషి పూర్తిగా పోలేదన్నది స్పష్టం. అతడు మనకు కనబడని చోటికి జరిగాడు, అంతే.

ఇక మన సంగతి. తెలుగు పట్టణాలకు సూపర్‌మార్కెట్ కొత్తది కాదు. హైదరాబాదువారికి 'త్రినేత్ర' గుర్తుండే ఉంటుంది. అదే తరువాత ఆదిత్య బిర్లా వారి చేతికి వెళ్లి 'మోర్' అయింది. కాని ఈ దుకాణాలలో సెల్ఫ్ చెకౌట్ వేళ్లూనుకున్నది లేదు. మనకు యంత్రం మీద వైముఖ్యం ఉండి కాదు. ఇక్కడ మనిషి యంత్రం కంటె చవక. నెల జీతానికి రోజంతా నిలబడి బిల్లు కొట్టే అమ్మాయి దొరుకుతుండగా లక్షలు పోసి యంత్రం తెచ్చే వర్తకుడు ఎవడు?

అందుచేత మనదేశంలో మార్పు మరో దారిన వచ్చింది. 2021 నుంచి పది నిమిషాలలో సరుకు ఇంటికి చేరుస్తామనే సంస్థలు పోటీపడి వెలిశాయి. వీటి కొట్లకు బోర్డు ఉండదు, కొనేవారికి ప్రవేశం ఉండదు. 'డార్క్ స్టోర్' అంటారు. చీకటి కొట్టు అన్నమాట. లోపల యువకులు చేతిలోని తెర చెప్పిన క్రమంలో అరల మధ్య పరుగులు తీసి సరుకు ఏరుతారు. బయట మరికొందరు ద్విచక్రవాహనాల మీద వేచి ఉంటారు. మెంఫిస్ పట్టణపు గుమాస్తా చేసిన పని మళ్లీ గుమాస్తాకే వచ్చింది. ఒక్కటే తేడా: నాటి గుమాస్తా మనకు ఎదురుగా ఉండేవాడు.

నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇటువంటి 'గిగ్' పనివారు 77 లక్షలు. 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. వీరందరూ సరుకు మోసేవారే కాకపోవచ్చు. అయినా రేపటి క్యాషియరు ఎక్కడికి పోతాడన్న ప్రశ్నకు సమాధానం ఆ సంఖ్యలో కొంత ఉన్నది.

ఒకనాటి మధ్యాహ్నం మా ఇంటికి సరుకు తెచ్చిన యువకుడు నన్ను చూచి నివ్వెరపోయి, 'నమస్కారం మాస్టారూ' అన్నాడు. పదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాడు. అంతకుముందు ఒక పెద్ద దుకాణంలో బిల్లులు కొట్టేవాడట. 'లోపలికి రారా, మంచినీళ్లు తాగి వెళ్లు' అన్నాను. 'ఇంకో ఆర్డరు పడిపోయిందండీ, ఆలస్యమైతే లెక్కలోకి వస్తుంది' అని మెట్లు దిగిపోయాడు. గురువు ఇంటి గుమ్మంలో గుక్కెడు నీళ్లు తాగడానికి వ్యవధి లేని ఉద్యోగం అది. పాత ఉద్యోగం గొప్పదేమీ కాదు. కాని అక్కడ అతనికి ఒక చోటు ఉండేది, పక్క కౌంటరులో ఒక తోటివాడు ఉండేవాడు, కష్టం చెప్పుకోవడానికి ఒక యజమాని ముఖం ఉండేది. ఇప్పుడు యజమాని కూడా ఫోను తెరలోనే ఉన్నాడు.

ఇంతమాత్రాన పాత కొట్టును స్వర్గంగా చిత్రించబోను. తక్కెడ కింద చింతపండు అంటించిన శెట్టులు, రాళ్లు కలిపిన బియ్యం మనకు తెలియనివి కావు. మనిషిని బట్టి ధర, కులాన్ని బట్టి మర్యాద నడిచిన కొట్లు ఎన్నో. సరుకును దూరంనుంచి విసరి, డబ్బును నేలమీద పెట్టించుకున్న అంగళ్లు మన పల్లెలలోనే ఉండేవి. ఆ అవమానం పడినవారికి, పొట్లం మీద ధర అచ్చు వేసి, అందరికీ ఒకే వరుస, ఒకే బిల్లు ఇచ్చే సూపర్‌మార్కెట్ ఒక విమోచనమే. కొసరు అందరికీ సమానంగా దక్కలేదన్నది సత్యం. మంచాన పడ్డవారికి, ఒంటరి వృద్ధులకు ఇంటికి వచ్చే సరుకు చేస్తున్న మేలునూ తక్కువ చేయరాదు.

కాబట్టి నేను కోరేది పాత కొట్టును కాదు, జవాబు చెప్పే మనిషిని. బిల్లులో ఒక వస్తువు రెండుసార్లు పడితే 'ఇదేమిటి నాయనా' అని అడగడానికి ఒక ముఖం కావాలి. చదువురాని తల్లికి ధర చదివి చెప్పే నోరు కావాలి. ఫోనులో చెల్లింపులు తెలియని ముసలివాడి చేతిలోని నలిగిన నోటును పుచ్చుకునే చేయి కావాలి. పది రూపాయలు తక్కువైతే ఏ వస్తువు తీసివేయాలో సిగ్గుపడకుండా తేల్చుకునేందుకు ఒక క్షణం ఓపిక పట్టేవారు కావాలి. ఈ చివరిది పాత కొసరుకు నేటి రూపం. ధర దించే అధికారం బిల్లు కొట్టే అమ్మాయికి లేకపోయినా, ఆ క్షణపు ఓపిక ఆమె చేతిలో ఇంకా ఉన్నది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దలు, యంత్రం తెర మీద కొత్తిమీరకు ఆంగ్లంలో ఏమంటారో వెదుక్కుంటూ వెనుకవారి నిట్టూర్పులు వింటున్నప్పుడు ఈ ఓపిక విలువ బాగా బోధపడుతుంది.

యంత్రాన్ని ద్వేషించి ఈ మాటలు అనడం లేదు. యంత్రం మనిషి పక్కన ఎలా నిలబడవచ్చునో మన వీధి చివరి కొట్టే చూపించింది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత, కొట్టు బల్ల మీదికి ఒక చిన్న పెట్టె చేరింది. డబ్బు జమ అయినదని అది తెలుగులో పలుకుతుంది. అక్షరం రాని కొట్టు యజమానురాలు కూడా ఎవరు ఎంత కట్టారో విని నిశ్చింతగా ఉంటుంది. ఆ పెట్టె ఆమెను లేపి తాను కూర్చోలేదు. ఆమె చెవికి ఆసరా అయింది. కొత్త యంత్రం ఏది వచ్చినా ఈ గీటురాయి మీద పెట్టి చూడాలని నా అభిప్రాయం.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఎన్ని యంత్రాలు పెట్టినా, ఎన్ని ఫోను వరుసలు తెరిచినా, ప్రతి పెద్ద దుకాణంలో నగదు పుచ్చుకునే మనిషి ఉన్న కౌంటరు ఒకటైనా తప్పనిసరి చేయాలి. అక్కడ పనిచేసేవారికి కుర్చీ వేయాలి. దుకాణాలలో పనివారికి కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేసి ఇచ్చాయి. తెలుగు రాష్ట్రాలలో రోజంతా నిలబడే మన ఆడపిల్లల కాళ్లు వారి కాళ్ల కంటె గట్టివి కావు. సరుకు చేరవేసేవారి విషయానికి వస్తే, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. గిగ్ పనివారి సంక్షేమ నిధికి సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వరకు చెల్లించాలని అది చెబుతున్నది. ఆ డబ్బు రోడ్డు మీద కాలు విరిగినవాడి ఇంటికి చేరినప్పుడే చట్టం బ్రతికినట్లు.

మనిషి ఉన్న కౌంటరు దండగ అనేవారికి నెదర్లాండ్స్ ఉదాహరణ చాలును. అక్కడి యుంబో అనే సూపర్‌మార్కెట్ సంస్థ 2019లో, తొందర లేనివారి కోసం ఒక ప్రత్యేక వరుస ఏర్పాటు చేసింది. అక్కడ క్యాషియరుతో తీరికగా కబుర్లు చెప్పవచ్చు. ఒంటరి వృద్ధులకు అది నచ్చడంతో, మరిన్ని దుకాణాలకు విస్తరిస్తామని 2021లో ప్రకటించింది. పలకరింపును పోగొట్టుకున్న దేశాలు దానిని కొత్త సౌకర్యంగా మళ్లీ ఏర్పరచుకుంటున్నాయి. మనం దానిని ఇంకా పూర్తిగా పోగొట్టుకోలేదు.

ప్రభుత్వం చేసే లోపల మనం చేయగలది కొంత ఉన్నది. పది నిమిషాలలోనే రావలసిన అవసరం ఉప్పుకూ పప్పుకూ లేదు. బిల్లు ఇచ్చిన అమ్మాయి ముఖం చూచి ఒక మాట అనడానికి ఖర్చు లేదు. గుమ్మంలోకి వచ్చినవాడికి మంచినీళ్లు ఇస్తాననడానికి ఏ చట్టమూ అక్కరలేదు. కొట్టువాడు మనకు కొసరు వేసిన రోజులు గడిచాయి. ఇప్పుడు కొసరు వేయవలసిన వంతు కొన్నవారిది.